ఆరేళ్ల బాబుకు మెలటోనిన్ సిరప్ రాశారు: ఇవ్వవచ్చా?

బైరాగిపట్టెడ అమ్మ, తిరుపతి

అందరికీ నమస్కారం. మా బాబుకు ఆరేళ్లు. మూడో ఏట ఆటిజం అని తేల్చారు. మాటలు తక్కువ, ఏదైనా కావాలంటే మన చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లి చూపిస్తాడు. పగలు థెరపీకి వెళ్తున్నాడు, అక్కడ కొంత కుదురుకున్నాడు కూడా. రాత్రి మాత్రం ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. తొమ్మిదిన్నరకు పడుకోబెడితే పన్నెండున్నర, ఒంటిగంట వరకు మంచం దిగి తిరుగుతూనే ఉంటాడు. ఫ్యాన్ రెగ్యులేటరును ఒకటి నుంచి ఐదుకు, ఐదు నుంచి ఒకటికి తిప్పుతూ, రెక్కల వేగం మారినప్పుడల్లా తల ఎత్తి చూస్తాడు. ఆపితే అరుపులు మొదలవుతాయి. కింది వాటాలో ఇంటివాళ్లు ఉంటారు, వాళ్లకేమి చెప్పుకోవాలి?

మొన్న చూపించినప్పుడు పిల్లల డాక్టరు మెలటోనిన్ సిరప్ రాసి, రాత్రి పడుకునే ముందు పట్టమన్నారు. ఎంతకాలం పట్టాలో అడిగేలోపే తరువాతి టోకెను పిలిచారు. సీసా కొని అలమరలో పెట్టాను గానీ ఇంకా మూత తీయలేదు. ఇది నిద్రమందే కదా, ఇంత చిన్నవాడికి అలవాటైపోతే ఎలా అని మా అత్తగారు భయపడుతున్నారు. నాకూ ఆ భయం లేకపోలేదు. వాడిన తల్లిదండ్రులు, విషయం తెలిసిన వైద్యులు దయచేసి చెప్పగలరు.

గ్రీమ్స్‌పేట నాన్న, చిత్తూరు

అమ్మా, మా పాపకు తొమ్మిదేళ్లు. ఏడో ఏట నుంచి మెలటోనిన్ వాడుతున్నాం. మాకు వేలూరు దగ్గర కాబట్టి అక్కడ చూపించాం. మందు రాయడానికి ముందే నిద్ర పట్టిక రాసి తెమ్మన్నారు. ఎన్నింటికి మంచం ఎక్కింది, ఎన్నింటికి నిద్ర పట్టింది, మధ్యలో లేచిందా, పొద్దున ఎప్పుడు లేచింది, పగలు కునుకు తీసిందా అన్నవి రోజూ రాయాలి. అది రాయడం విసుగే, కానీ ఆ కాగితం చేతిలో లేకపోతే మందు పనిచేసిందో లేదో మాకూ తెలిసేది కాదు, డాక్టరుకూ తెలిసేది కాదు.

మా అనుభవం దాచకుండా చెబుతాను. ఇంతకుముందు పన్నెండు దాకా మెలకువగా ఉండే పాప ఇప్పుడు పదిలోపు నిద్రపోతోంది. అయితే తెల్లవారుజామున నాలుగింటికి లేవడం మాత్రం అలాగే ఉంది. ఎప్పుడు నిద్రపోతుందన్నది మారింది, ఎప్పుడు లేస్తుందన్నది మారలేదు. ఇది ముందే తెలిసి ఉంటే మంచిది, లేకపోతే మందు పనికిరాలేదని మధ్యలో మానేస్తారు.

కొర్లగుంట తాతయ్య

నా మనవడికీ ఇదే సమస్య. నా మాట నచ్చకపోవచ్చు, అయినా అంటాను. పసిపిల్లలకు హార్మోను ఇవ్వడమేమిటి? ఒంట్లో పుట్టేదాన్ని బయటి నుంచి పోస్తే, లోపల పుట్టడం ఆగిపోదా? రేపు పెరిగే వయసులో దాని ప్రభావం ఎలా ఉంటుందో ఎవరు చూశారు? నూనె రాసి గోరువెచ్చని నీళ్లు పోసి, సాయంత్రం కాసేపు ఆడించి పడుకోబెడితే మా రోజుల్లో పిల్లలు పడుకునేవారు. ముందు ఆ పని చేయకుండా సీసా మూత తీయవద్దని నా సలహా.

మందుల షాపు మనిషి (విశ్రాంత ఫార్మసిస్టు), చిత్తూరు

పెద్దాయన అడిగిన ప్రశ్నలో న్యాయం ఉంది. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఈ మందు ఏమిటో తెలియాలి.

మెదడు మధ్యలో ఉండే పినియల్ గ్రంథి చీకటి పడ్డాక మెలటోనిన్‌ను తయారుచేస్తుంది. దీనిని 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం వేరుచేసింది. ఆహారంలోని ట్రిప్టోఫాన్ అనే పదార్థం నుంచి సెరటోనిన్, దాని నుంచి మెలటోనిన్ తయారవుతాయి. ఇది మనిషిని మత్తులోకి నెట్టే మందు కాదు. దీపాలు పెట్టే వేళ అయిందని ఇంటిల్లిపాదికీ కబురు చెప్పే పెద్దమనిషి వంటిది. కబురు అందినా ఇంట్లో టీవీ మోగుతుంటే, ట్యూబులైటు కళ్లలో పడుతుంటే ఎవరూ పడుకోరు. అందుకే దీన్ని ఎంత మోతాదులో ఇస్తున్నామన్నదాని కంటే ఏ వేళకు ఇస్తున్నామన్నది చాలాసార్లు ముఖ్యమవుతుంది. నిద్రమాత్రలలో కొన్నింటికి ఉండే అలవాటుపడే స్వభావం దీనికి ఉన్నట్టు ఇప్పటివరకు కనబడలేదు.

ఇక కౌంటరు వెనక నిలబడిన అనుభవంతో రెండు మాటలు. చెల్లెమ్మా, సిరప్ తీసుకునేటప్పుడు లేబుల్ మీద ఎన్ని మి.లీ.లో ఎన్ని మి.గ్రా. ఉందో చూడండి. 5 మి.లీ.లో 3 మి.గ్రా. ఉన్న సీసా అయితే, 1 మి.గ్రా. రాసిన పిల్లవాడికి రెండు మి.లీ. లోపే సరిపోతుంది, మూత నిండా 5 మి.లీ. పోస్తే మూడింతలు అవుతుంది. మి.గ్రా.కూ మి.లీ.కూ తేడా చూసుకోకుండా పోసేవారిని చాలామందిని చూశాను. ఇంట్లోని టీచెంచాతో కొలవవద్దు, సూది లేని సిరంజితో కొలవండి.

రెండోది, అమెరికా నుంచి సెలవులకు వచ్చే బంధువులు తెచ్చే గమ్మీల సంగతి. అక్కడ ఇవి ఆహార పూరకాలుగా అమ్ముతారు, మందులకు ఉండే తనిఖీ వాటికి ఉండదు. 2023లో అచ్చయిన ఒక పరీక్షలో 25 రకాల గమ్మీలను చూస్తే 22 రకాలలో లేబుల్ మీద రాసిన మోతాదుకూ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. ఒకదాంట్లో అసలు మెలటోనిన్ లేనే లేదు, గరిష్ఠంగా రాసినదానికి మూడు రెట్లు దాటి ఉంది. పైగా అవి మిఠాయిలా ఉంటాయి. పిల్లలు మెలటోనిన్ మింగేశారంటూ అమెరికాలోని విషచికిత్స సలహా కేంద్రాలకు 2012లో 8,337 కాల్స్ రాగా, 2021 నాటికి అవి 52,563కు చేరాయి. సీసాను అలమరలో పెట్టానన్నారు. ఆ అలమరకు తాళం ఉందా?

పిల్లల డాక్టరు, తిరుపతి

ఇక్కడ రాస్తున్నది సాధారణ సమాచారం. మీ బాబును చూసిన వైద్యుడి మాట దీనికంటే పైమాట.

ఆటిజం ఉన్న పిల్లల్లో సగం నుంచి 80 శాతం మందికి నిద్ర సమస్యలు ఉంటాయని వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. కొందరిలో మెలటోనిన్ తయారీలోనే తేడా ఉన్నట్టు కనబడింది. దాన్ని తయారుచేసే చివరి ఎంజైమ్ పని మందగించి ఉండవచ్చని 2008లో ఒక ఫ్రెంచి బృందం చూపింది. అయితే నిద్ర పట్టని ప్రతి పిల్లవాడికీ కారణం అదే అనుకోవడం తొందరపాటు. నా దగ్గరకు వచ్చేవారిలో మలబద్ధకం చాలా ఎక్కువగా చూస్తుంటాను. కడుపు నొప్పి అని నోటితో చెప్పలేని పిల్లవాడు దానిని రాత్రి తిరుగుడులోనే చూపిస్తాడు. ఇంకొందరికి ముక్కు వెనక అడినాయిడ్ గడ్డలు పెరిగి గురక వస్తుంది, ఊపిరి తెగి తెగి ఆడుతుంది. కొందరికి ఇనుము తక్కువై పడుకోగానే కాళ్లు నిలవవు. పుచ్చిన పళ్లు, ఛాతీలోకి ఎగదన్నే పులుపు, దద్దురు దురద వంటివి కూడా కారణం కావచ్చు. నిద్రలో ఒళ్లు బిగుసుకోవడం, ఒకే తీరుగా ఉలికిపడి లేవడం ఉంటే అది ఫిట్స్ కావచ్చు, అప్పుడు నరాల డాక్టరును కలవాలి. తిరుపతిలో ఉన్నవారికి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది. వీటిని వదిలేసి మెలటోనిన్ ఇస్తే మందుకు చెడ్డపేరు, పిల్లవాడికి బాధ.

అమెరికా న్యూరాలజీ అకాడమీ 2020లో ఆటిజం ఉన్న పిల్లల నిద్ర మీద ఇచ్చిన మార్గదర్శకాల క్రమం కూడా ఇదే. తోడుగా ఉన్న జబ్బులను, నిద్రను చెడగొట్టే ఇతర మందులను ముందు చూడాలి. పడుకునే అలవాట్లను సరిచేయాలి. అవి చాలనప్పుడు, లేదా వాటితో పాటుగా, మెలటోనిన్ ఇవ్వాలి. 1 నుంచి 3 మి.గ్రా. వరకు తక్కువ మోతాదుతో, పడుకోవడానికి అరగంట నుంచి గంట ముందు మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి నెమ్మదిగా పెంచుకోవచ్చు గానీ రోజుకు 10 మి.గ్రా. దాటకూడదని అందులో ఉంది. ఔషధ ప్రమాణాలతో తయారైనదే వాడమని కూడా అదే పత్రం చెబుతుంది.

గ్రీమ్స్‌పేట నాన్నగారు చెప్పిన అనుభవం పుస్తకాలకు సరిపోతుంది. బ్రిటన్‌లో 146 మంది పిల్లలతో జరిపి 2012లో ప్రకటించిన పరీక్షలో, మెలటోనిన్ తీసుకున్నవారు త్వరగానే నిద్రపోయారు, కానీ పొద్దున్నే త్వరగా లేచారు కూడా. మొత్తం నిద్రలో పెరిగింది సగటున 20 నిమిషాల పైచిలుకు మాత్రమే. మామూలు మెలటోనిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు, గంటలోపే సగానికి తగ్గిపోతుంది. ఆ లోటు తీర్చడానికే నెమ్మదిగా విడుదలయ్యే చిన్న మాత్రలు వచ్చాయి. 125 మంది పిల్లలపై జరిపి 2017లో వెల్లడించిన పరీక్షలో వాటితో రాత్రి నిద్ర సగటున 57 నిమిషాలు పెరిగింది; మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికి పెరిగింది 9 నిమిషాలు. ఆ మరుసటి ఏడాది ఐరోపాలో దానిని రెండేళ్లు దాటిన ఆటిజం పిల్లలకు అనుమతించారు.

కాబట్టి అమ్మా, సీసా మూత తీయకముందు నాలుగు సంగతులు చెప్పండి. విరేచనం ఎన్ని రోజులకు ఒకసారి? గురక ఉందా? సాయంత్రం ఏమి తింటాడు, ఏమి తాగుతాడు? పగలు నిద్రపోతాడా?

బైరాగిపట్టెడ అమ్మ, తిరుపతి

డాక్టరు గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. విరేచనం మూడు రోజులకు ఒకసారి, గట్టిగా, ఏడుస్తూ వెళ్తాడు. పెరుగన్నం, బిస్కెట్లు, ఒకే రకం చిప్స్ తప్ప ఏమీ ముట్టడు. గురక లేదు. సాయంత్రం ఆరింటికి నానమ్మ టీ తాగుతుంటే పక్కన కూర్చుని అదే గ్లాసులో సగం తాగుతాడు, అది వాళ్లిద్దరి అలవాటు. థెరపీ నుంచి వచ్చేటప్పుడు ఆటోలో నిద్రపోతే ఇంటికి వచ్చాక కూడా లేపము, ఏడింటి దాకా పడుకుంటాడు. లేపితే ఏడుస్తాడని భయం. కాళ్లు మాత్రం పడుకున్నాక మంచం కోడుకు రాస్తూ ఉంటాడు, అది ఆటిజం వల్లే అనుకున్నాం.

పిల్లల డాక్టరు, తిరుపతి

సమస్య చాలావరకు మీరు రాసిన దానిలోనే కనబడుతోంది. టీలోని కెఫీన్ నిద్రను దూరం చేస్తుంది. అంతేకాదు, భోజనంతో పాటు తాగే టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నానమ్మ గారికి నొప్పి కలగకుండా, అదే గ్లాసులో పాలు పోసి ఇవ్వండి. ఏడింటి దాకా నిద్రపోయిన పిల్లవాడికి తొమ్మిదిన్నరకు నిద్ర రావాలనడం ఎవరికైనా కష్టమే. మలబద్ధకానికి వైద్యం అవసరం; అరటిపండుతో సరిపెట్టే స్థాయి దాటిందనిపిస్తోంది. కాళ్లు రాస్తున్నాడంటే హిమోగ్లోబిన్ ఒక్కటే కాక, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ తక్కువగా ఉండవచ్చు. అంత మాత్రాన ఇనుము సిరప్ మీరే కొని పోయవద్దు, అది మలబద్ధకాన్ని పెంచుతుంది. రెండింటినీ కలిపి చూసే వైద్యుడు మోతాదు నిర్ణయించాలి. రుయా ఆసుపత్రి పిల్లల విభాగంలో ఇవన్నీ చూపించుకోవచ్చు.

మెలటోనిన్ ఇవ్వవద్దని నేను అనడం లేదు. ఇవి సరిచేస్తూ నిద్ర పట్టిక రాయండి, ఆ పట్టికతో మీ డాక్టరు దగ్గరకు మళ్లీ వెళ్లండి.

ఓ.టి. (ఆక్యుపేషనల్) థెరపిస్టు, తిరుచానూరు రోడ్డు

పడుకునే వేళ గురించి ఒక పద్ధతి చెబుతాను. బాబుకు నిజంగా నిద్ర పడుతున్నది పన్నెండున్నరకు. తొమ్మిదిన్నరకు మంచం ఎక్కిస్తే, ఆ మూడు గంటలూ మంచమంటే ఆటస్థలమని నేర్చుకుంటున్నాడు. అందుకని మొదట అతనికి నిద్ర పట్టే సమయానికి దగ్గరగానే మంచం ఎక్కించండి. వెంటనే నిద్రపోవడం అలవాటయ్యాక, కొన్ని రోజులకు ఒకసారి పావుగంట చొప్పున ముందుగా పడుకోబెడుతూ రండి. పొద్దున లేపే సమయం మాత్రం ఆదివారమైనా మారకూడదు. మొదట్లో పొద్దున లేపడం నరకంగా ఉంటుంది, ఇది నిజం.

చెప్పిన మాట కంటే చూసిన బొమ్మ ఈ పిల్లలకు త్వరగా అందుతుంది. స్నానం, పెరుగన్నం, పళ్లు తోమడం, దీపం ఆర్పడం, పడక అని ఐదు ఫోటోలు మీ ఇంట్లోవే తీసి, వరుసగా గోడకు అంటించండి. ఒక్కొక్క పని అయ్యాక ఆ ఫోటోను అతని చేతే తీయించండి. ఫ్యాన్ రెగ్యులేటరు మీద పోట్లాడవద్దు. ఆ ఆట అతనికి ఇష్టం కాబట్టి సాయంత్రం ఏడింటికి కాసేపు ఆడనిచ్చి, పడక వేళకు రెగ్యులేటరుకు అట్టపెట్టె తొడగండి. ట్యూబులైటును ఎనిమిదింటికే ఆపి, మంద్రమైన జీరో బల్బు ఒకటి ఉంచండి. చిన్నపిల్లల కళ్లు పెద్దవాళ్ల కళ్ల కంటే ఎక్కువ వెలుతురును లోపలికి తీసుకుంటాయి, రాత్రి వెలుతురు వారి సొంత మెలటోనిన్‌నే అణచివేస్తుంది. సెల్‌ఫోను సంగతి వేరే చెప్పనక్కరలేదు.

బరువు దుప్పట్లను చాలామంది వేల రూపాయలు పోసి కొంటున్నారు. 2014లో బ్రిటన్‌లో జరిగిన పరీక్షలో అవి నిద్ర సమయాన్ని పెంచలేదు, కానీ పిల్లలకూ తల్లిదండ్రులకూ మామూలు దుప్పటి కంటే అవే నచ్చాయి. ఇష్టపడితే కప్పండి, నిద్ర వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మన ఎండాకాలంలో నేనైతే సిఫారసు చేయను.

కొర్లగుంట తాతయ్య

అలవాట్లు ముందు, మందు తరువాత అన్నారు కాబట్టి నా మాట పూర్తిగా తప్పు కాదన్నమాట. కానీ పెరిగే వయసు గురించి నేను అడిగినదానికి జవాబు రాలేదు. ఒంట్లో పుట్టేది ఆగిపోతుందా లేదా?

పిల్లల డాక్టరు, తిరుపతి

అడగవలసిన ప్రశ్నే, పెద్దాయనా. మందు వాడటం వల్ల సొంత మెలటోనిన్ తయారీ శాశ్వతంగా ఆగిపోయినట్టు ఆధారం లేదు. యుక్తవయసు విషయంలో అనుమానం ఎందుకు వచ్చిందంటే, కొన్ని జంతువులలో సంతానోత్పత్తి కాలాన్ని మెలటోనిన్ నియంత్రిస్తుంది. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను రెండేళ్ల పాటు, అంటే 104 వారాలు వాడిన పిల్లలను గమనించి 2021లో వెల్లడించిన ఫలితాలలో ఎత్తు, బరువు, యుక్తవయసు లక్షణాలు దారి తప్పలేదు. అలసట, పగటి మగత, చిరాకు కొందరిలో కనిపించాయి. పదేళ్లు, పదిహేనేళ్లు వాడితే ఏమవుతుందన్నదానికి ఇంత గట్టి సమాచారం లేదు, ఆ మాట తల్లిదండ్రులకు చెప్పి తీరాలని ఆ 2020 మార్గదర్శకాలలోనే ఉంది. అందుకే కొన్ని నెలలకు ఒకసారి ఆపి చూసి, ఇంకా అవసరం ఉందో లేదో తేల్చుకోవాలి. నిద్ర లేకుండా ఏళ్లు గడవడం వల్ల పిల్లవాడి చదువుకూ, ప్రవర్తనకూ, మీ కోడలి ఆరోగ్యానికీ జరిగే నష్టాన్ని కూడా తూకంలో రెండోవైపు వేయండి.

పలమనేరు అమ్మ

మా అబ్బాయికి పదకొండేళ్లు. మొదట్లో మెలటోనిన్ బ్రహ్మాండంగా పనిచేసింది, తరువాత నెమ్మదిగా పనిచేయడం మానేసింది. 3 నుంచి 6, తరువాత 9 మి.గ్రా. దాకా పెంచాం. ఇప్పుడు రాత్రి నిద్ర లేదు, పొద్దున స్కూల్లో బల్ల మీద తల వాలుస్తున్నాడు. ఫిట్స్ మందు కూడా వాడుతున్నాడు. ఇంకా పెంచాలా?

పిల్లల డాక్టరు, తిరుపతి

పెంచవద్దమ్మా. కొందరి కాలేయం మెలటోనిన్‌ను చాలా నెమ్మదిగా విరుస్తుంది. అటువంటివారిలో రోజూ వేసేది పేరుకుని, పగలు కూడా రక్తంలో మిగిలిపోతుంది. పగలూ రాత్రీ ఒకే మాదిరి ఉంటే శరీరానికి ఏది రాత్రో తెలియదు. మొదట పనిచేసి తరువాత విఫలమవడం, పొద్దున మగత, ఈ రెండూ కలిసి కనిపిస్తే ఆ అనుమానం వస్తుంది. అప్పుడు చేసేది మోతాదు పెంచడం కాదు, వైద్యుడి పర్యవేక్షణలో కొంతకాలం ఆపి, మళ్లీ చాలా తక్కువతో మొదలుపెట్టడం. ఫ్లూవోక్సమిన్ అనే మానసిక సమస్యల మందు వాడుతున్నా మెలటోనిన్ స్థాయి బాగా పెరుగుతుంది కాబట్టి, వాడే మందులన్నీ కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. ఫిట్స్ ఉన్నాయన్నారు, నరాల డాక్టరుకు తెలియకుండా ఏదీ మార్చవద్దు. మీకు తిరుపతి దూరమనుకుంటే వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల సమస్యలకు ప్రత్యేక విభాగం ఉంది.

బైరాగిపట్టెడ అమ్మ, తిరుపతి

పరీక్షలు చేయించాం. ఫెరిటిన్ తక్కువగానే ఉంది. మలబద్ధకానికి పొడి, ఇనుము సిరప్ రెండూ రాశారు. టీ మానిపించాం, నానమ్మ ఇప్పుడు వంటింట్లో నిలబడి తాగుతున్నారు. ఆటోలో నిద్రపోకుండా పాట పెట్టి కూర్చోబెడుతున్నాను. పదకొండున్నరకు నిద్రపోతున్నాడు. అది చాలక డాక్టరు గారు 1 మి.గ్రా. మెలటోనిన్ కూడా మొదలుపెట్టమన్నారు, సిరంజితో కొలిచి పడుతున్నాను. ఇప్పుడు ఒక సందేహం. మేలో గంగజాతర వస్తుంది. వారం రోజులు డప్పులు, మైకులు అర్ధరాత్రి దాటినా ఆగవు. ఆ రోజులలో డోసు పెంచవచ్చా?

గ్రీమ్స్‌పేట నాన్న, చిత్తూరు

చెల్లెమ్మా, చప్పుడుకు మెలటోనిన్ మందు కాదు. కాణిపాకం బ్రహ్మోత్సవాలకు మేము మా అత్తగారి ఊరికి వెళ్లినప్పుడు ఇదే ఆలోచన వచ్చింది, మా డాక్టరు వద్దన్నారు. చెవులకు కప్పుకునే హెడ్‌ఫోన్లు నెల ముందు నుంచే పగలు కాసేపు అలవాటు చేయండి, ఆ రోజే తొడిగితే విసిరేస్తాడు. వీధి వైపు గది వదిలి లోపలి గదిలో పడుకోబెట్టండి. వీలుంటే ఆఖరి రెండు రోజులు ఊరికి వెళ్లిపోండి. ఎక్కడికి వెళ్లినా ఆ ఐదు ఫోటోలను, అతని దిండును తీసుకువెళ్లండి. రెండు మూడు రాత్రులు చెడినా తరువాత అదే డోసుతో, అదే వేళకు మళ్లీ దారిలో పడతారు.

చంద్రగిరి నాన్న

మా పాపకు నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్ర రాశారు. మింగలేదు. పొడి చేసి పాలలో కలపవచ్చా?

మందుల షాపు మనిషి (విశ్రాంత ఫార్మసిస్టు), చిత్తూరు

కూడదు. పొడి చేసినా, కొరికినా అది మామూలు మాత్ర అయిపోతుంది; మందంతా ఒక్కసారే విడుదలవుతుంది, తెల్లవారుజాము దాకా నిలవదు. ఐరోపాలో పిల్లల కోసం చేసిన మాత్ర 3 మి.మీ. మాత్రమే ఉంటుంది, దాన్ని నలపకుండా పెరుగులోనో ఐస్‌క్రీములోనో పెట్టి మింగించవచ్చని దాని కాగితంలోనే ఉంది. మీకు ఇచ్చినది ఏ సైజులో ఉందో చూడండి. పెద్దదైతే పాప కొరికేస్తుంది, అప్పుడు సిరప్ రకానికి మార్చమని రాసిన డాక్టరునే అడగండి, షాపులో మార్చుకోవద్దు.